మూడో దూలం కింద

మా వ్యాపారంలో మొదటి మాట అబద్ధం. అందరికీ తెలిసిన అబద్ధం కాబట్టి దాన్ని ఎవరూ తప్పు పట్టరు. నేను పడగొట్టిన ఇళ్ల కలప కొని అమ్ముతాను. ఎవరి ఇంటి దూలం చూడబోయినా ముందు వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి, పెదవి విరిచి "లోపలంతా పుచ్చు" అంటాను. అమ్మేవాడు "ఇనుమండీ, మా తాత దగ్గరుండి వేయించాడు" అంటాడు. అతని తాతకీ నా పుచ్చుకీ మధ్య ఎక్కడో అసలు ధర ఉంటుంది. అరగంట వాదించుకుని ఇద్దరం అక్కడికి చేరుకుంటాం. ముప్పై ఏళ్లుగా పుచ్చిందని చెప్పిన కలపే కొన్నాను. నిజంగా పుచ్చినది ఒక్కటీ కొనలేదు.

ఆ వేసవిలో ఆ మాట ఒక ఇంజనీరు ముందు అన్నాను.

పరీక్షలైపోయి పిల్లలంతా ఊళ్లకి వెళ్లిపోయిన వారం అది. యూనివర్సిటీ ఇంజనీరు కబురు పెట్టాడు. కచేరీ హాలు పైకప్పు మారుస్తున్నాం, పాత కలప అమ్మకానికి ఉంది, వచ్చి చూసుకో అని. ఆ హాలు నాకు కొత్త కాదు. దాని బాగోగులు చూసుకునేది మా అక్కే. వేదిక వెనక రెండు గదుల్లో ఇరవై తొమ్మిదేళ్లుగా ఉంటోంది. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకి "ఆరు వందల కుర్చీలు తుడవాలి, తీరికెక్కడిది" అని చెబుతుంది.

నేను వెళ్లిన పూట అక్క చీపుళ్లు, ఫినాయిలు తెచ్చుకోడానికి స్టోర్సుకి వెళ్లింది. ఆవిడ ఉండని వేళ చూసుకునే వెళ్లానని ఇప్పుడు ఒప్పుకుంటే నాకు పోయేదేమీ లేదు.

ఆ కప్పుని పన్నెండు టేకు దూలాలు మోస్తున్నాయి. ఒక్కోటి ముప్పై ఎనిమిది అడుగులు, అతుకు లేదు. ఒక్కో దూలం ఒక్కో చెట్టు. అలాంటి చెట్లు ఇప్పుడు లేవు, ఇక రావు. నిచ్చెన ఎక్కి మూడో దూలం మీద కణుపుతో కొట్టాను. కంచు పళ్లెంలా మోగింది. ఆ మోత నా మోచేతి దాకా పాకింది. కిందకి చూసి పెదవి విరిచాను.

"లోపలంతా పుచ్చు సార్."

ఇంజనీరు ఇనుమండీ అనలేదు. జేబులోంచి కాగితం తీశాడు.

"ఎంతవరకు?"

"మూడోది మరీనూ. ఎప్పుడు దిగుతుందో చెప్పలేం."

"మిగతావి?"

"అన్నీ ఒకే కాలం నాటివి కదా సార్."

అతను రాసుకున్నాడు. దిగి వచ్చాక కాగితం నా ముందు పెట్టాడు. సంతకం పెట్టాను. అమ్మేవాడు బేరమాడకపోతే వాడు అమ్ముతున్నది కలప కాదు. ఆ సంగతి నాకు అక్కడే తట్టాల్సింది. కానీ నా కళ్లకి అప్పటికే పన్నెండు దూలాలు మా కలప అడితిలో పరుచుకుని కనిపిస్తున్నాయి.

*

అక్క ప్రతి ఆదివారం మా ఇంట్లోనే భోజనం చేస్తుంది. ఆ ఆదివారం చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, చుట్టిన కాగితం ఒకటి నా ఒళ్లోకి విసిరింది. హాలు తలుపుకి అంటించిన నోటీసు. నాలుగు మూలలా జిగురు, ఒక మూల తలుపు రంగు కూడా ఊడి వచ్చింది.

"చదువు. పైకి చదువు, మీ ఆవిడ కూడా వింటుంది."

చదివాను. కలప నిపుణుడి నివేదిక ప్రకారం హాలు పైకప్పు ప్రమాదకర స్థితిలో ఉంది. భవనాన్ని పూర్తిగా తొలగించి ఆ స్థలంలో తొమ్మిది అంతస్తుల పరీక్షా కేంద్రం కట్టాలని ప్రతిపాదన. తరగతులు తెరిచిన రోజు జరిగే పాలకమండలి సమావేశంలో తుది నిర్ణయం.

"నిపుణుడా?" అంది మా ఆవిడ వంటగదిలోంచి తల బయటపెట్టి. "ఇంట్లో నిపుణుడున్నాడని ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదే."

"పైకప్పు మారుస్తామన్నారక్కా. పడగొడతారని అనలేదు."

"నేనడిగింది అది కాదు. పుచ్చిందా?"

"అది బేరం కోసం..."

"పుచ్చిందా లేదా?"

"లేదు."

"ఎంత గట్టిగా ఉంది?"

"మన ముగ్గురం పోయాక ఇంకో మూడు తరాలు ఉంటుంది."

"అయితే రేపు పొద్దున వెళ్లి ఆ ముక్క చెప్పు."

"చెబితే ఇక బజారులో నేను నోరెత్తగలనా? పుచ్చిందని సంతకం పెట్టి, పుచ్చలేదని ఎలా చెప్పను? రేపటినుంచి నేను ఏ దూలం ముందు నిలబడ్డా నవ్వుతారు."

"నవ్వనీ. నిన్ను చూసి నవ్వడం వాళ్లకి కొత్తా?"

అని వెనక్కి తిరిగింది. మా ఆవిడ "వదినా, వడ్డించేశాను" అని పిలిచింది. అక్క మెట్లు దిగుతూనే "ఆ పళ్లెం కూడా పుచ్చిందేమో మీ ఆయన్ని చూడమను" అంది. ఆ ఆదివారమే కాదు, తర్వాతి మూడు ఆదివారాలు కూడా రాలేదు.

మా ఆవిడ తెలివైనది. అడితిలో ఏ మూల ఏ వాసం ఉందో నాకన్నా ఆవిడకే బాగా తెలుసు. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని లెక్క వేసుకున్నాం. ఒక వైపు పన్నెండు దూలాలు, వాటిమీద నాలుగొందల వాసాలు, వేదిక పలకలు, తలుపులు. ఇంకో వైపు అక్క, ఆవిడ రెండు గదులు.

"పదవీ విరమణకి ఎలాగూ మూడేళ్లే ఉంది" అంది మా ఆవిడ. "వదిన మన దగ్గరే ఉంటుంది. వెనక గది ఖాళీ చేయిస్తే సరి. మీరేం చెయ్యకపోయినా ఆ హాలు పడగొట్టేలానే ఉన్నారు. ఆ కలప ఎవరో ఒకరు కొంటారు. ఆ ఎవరో మనమే అయితే తప్పేంటి?"

ఎంత వెతికినా ఆ లెక్కలో తప్పు దొరకలేదు. నాకు హాయిగా అనిపించింది. మర్నాడు మా ఆవిడ ఆ హాయి కూడా లేకుండా చేసింది. వదిన అలిగితే తిండి మానేస్తుందని క్యారేజీ పట్టుకుని హాలుకి వెళ్లి, మధ్యాహ్నం వస్తానన్న మనిషి దీపాలు పెట్టే వేళకి వచ్చింది. కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"వస్తానందా?" అన్నాను.

"మీరొకసారి వెళ్లి రండి. ఇన్నేళ్లూ ఎక్కడికెళ్లినా తలెత్తి కప్పే చూశారు. ఈసారి కింద కూడా చూడండి."

*

మర్నాడు నేను వెళ్లేసరికి అక్క కుర్చీల వరసల మధ్య ఊడుస్తోంది. నన్ను చూసి చీపురు ఆపలేదు, పలకరించలేదు. నేనూ పలకరించకుండా వెనకే నడిచాను. మా ఆవిడ చెప్పినట్టే కిందకి చూశాను.

స్తంభాల మొదట్లో, మోకాలి ఎత్తున, ఎర్ర రంగుతో అంకెలున్నాయి. సున్నం పొరల కింద మాసిపోయి ఉన్నాయి గానీ చదవొచ్చు. పదకొండు, పన్నెండు, పదమూడు.

"మంచాల నంబర్లు" అంది అక్క, నా వైపు చూడకుండానే. "యుద్ధం రోజుల్లో ఇది ఆసుపత్రి. పదమూడో మంచం ఎవరూ తీసుకునేవారు కాదట. అందుకని అక్కడ నర్సు కూర్చునేది."

వేదిక ముందు రాతి నేలలో నాలుగు గుంటలు, నాలుగు మూలల్లో. ఒక్కో గుంటలో చిన్న గిన్నె పడుతుంది.

"కరువులో గింజలు తూచిన కాటా కాళ్లు. రెండేళ్లు ఇక్కడే తూచి ఇచ్చారు. వరసలో నిలబడ్డవాళ్ల చేతులు రాసుకుని ఆ గోడ నున్నగా అయిపోయింది. పట్టుకు చూడు."

పట్టుకు చూశాను. మా అడితిలో చిత్రిక పట్టిన పలక కూడా అంత నున్నగా ఉండదు.

"ఓట్లు లెక్కపెట్టారు, పరీక్షలు పెట్టారు, సమ్మె చేసినవాళ్లని తీసుకొచ్చి ఇందులోనే విచారించారు. వరదొచ్చినప్పుడు నలభై కుటుంబాలు రెండు నెలలు ఉన్నాయి. నా మంచం మీద ఒక పిల్ల పుట్టింది. తర్వాత అదే పిల్ల ఈ వేదిక మీద డిగ్రీ తీసుకుంది. మధ్యమధ్యలో ఎవరో ఒకరు పాడుతూనే ఉన్నారు. ఇదేమీ కచేరీ హాలుగా ఉండిపోదామనుకోలేదురా. ఎవరికి ఏది కావాలంటే అదయింది. ఒక్కరికీ కాదనలేదు." చీపురు గోడకి ఆనించింది. "అలాంటిదాన్ని నువ్వు పుచ్చిందన్నావు."

ఊరికి వెళ్లని పిల్లలు ఇరవై మంది దాకా వేదిక మీద నిలబడి ఉన్నారు. వాళ్లని పాడిస్తున్న సంగీతం మాస్టారు వెనక్కి తిరిగారు. బక్క మనిషి, చొక్కా పైగుండీ ఎప్పుడూ ఊడిపోయి ఉంటుంది.

"నిపుణులవారు మీరేనా?"

"కలప వ్యాపారినండీ."

"అలాగే కానివ్వండి. చిన్న సాయం చేసిపెట్టండి. ఆ స్తంభం మీద అరచెయ్యి పెట్టి నిలబడండి. మాకు శ్రుతి చూసుకోడానికి ఒక మనిషి కావాలి."

శ్రుతికి స్తంభం దగ్గర మనిషెందుకో నాకు తెలీదు. పెట్టాను. పిల్లలు ఒకే ఒక్క స్వరం అందుకున్నారు, పాట కాదు, మాటల్లేవు, అలా లాగుతూ పోయారు. ముందు చెవికి వినిపించింది. తర్వాత స్తంభంలోంచి నా చేతిలోకి దిగింది. పైన మూడో దూలం అందుకుని, నాలుగోదానికి ఇచ్చి, అది గోడలోకి దింపి, గోడ స్తంభానికి అందించింది. చెక్క పుచ్చితే శబ్దాన్ని మింగేస్తుంది. ఇది ఇసుమంత కూడా మింగలేదు. పిల్లలు ఆపేశాక కూడా కాసేపు నా చేతిలో ఉంది.

"శ్రుతి సరిపోయిందా?" అన్నారు మాస్టారు.

నేను చెయ్యి తీసి జేబులో పెట్టుకుని నేరుగా ఇంజనీరు ఆఫీసుకి వెళ్లాను.

"ఆ కాగితం ఇచ్చెయ్యండి సార్. బేరం కోసం అన్న మాట అది. మా వాడుక మీకు తెలీదు."

ఇంజనీరు చల్లగా నవ్వాడు. చెడ్డవాడు కాదు. పై నుంచి ఏం కట్టమంటే అది కట్టే మనిషి, ఇంతకు ముందు కట్టినవి చూశాను, గోడలు నిటారుగానే ఉంటాయి.

"మీ వాడుక నాకు తెలుసు పెద్దాయనా. మా నాన్నది కూడా కలప అడితే."

నేను ఎదురు కుర్చీలో కూర్చున్నాను.

"సంతకం సంతకమే" అన్నాడు. "అయినా మీకొచ్చిన నష్టమేంటి? టెండరు లేకుండా మొత్తం కలప మీకే రాయిస్తాను. మీరన్న ధరకే. వేలంలో ఇంకొకడు మీ పైన పాడడు. మీ అక్కగారి సంగతి కూడా ఆలోచించాం. కొత్త బిల్డింగులో లిఫ్టు పక్కన స్టూలు వేయిస్తాం. కదలక్కర్లేదు, ఊడవక్కర్లేదు."

"వీపు ఆనించుకునే స్టూలేనా సార్?"

"స్టూలయ్యా. స్టూలుకి వీపెక్కడుంటుంది?"

"ఊరికే అడిగాను" అని లేచాను.

ఇంటికొచ్చి మా ఆవిడకి జరిగింది చెప్పాను. స్టూలు దాకా వచ్చేసరికి ఆవిడ చేతిలో పని ఆపేసింది. మేం రెండోసారి లెక్క వేసుకోలేదు. మర్నాడు ఆవిడే పాత పెట్టెలోంచి నా పెద్ద బరమా తీసి, మొనకి పదును పెట్టించి, నూనె రాసి గుడ్డలో చుట్టి గుమ్మం పక్కన పెట్టింది. అది చేత్తో తిప్పే బరమా, మా నాన్నది. కలపని తొలిచి చూస్తే తప్ప తీరని అనుమానం ఉన్నప్పుడే వాడతాం. నేను వాడి పదేళ్లయింది.

*

పాలకమండలి ఏడాదికోసారి ఆ హాల్లోనే కూర్చోవాలని పాత నియమం. ఈసారి ఆఫీసు భవనంలో పెట్టుకుందామనుకున్నారట గానీ, అలా పెడితే తీర్మానం చెల్లదని ఎవరో గుర్తు చేశారు. దాంతో పదకొండు మంది సభ్యులు వచ్చి, మధ్యలో అంత చోటుండగా, తలుపుల దగ్గర గుంపుగా కూర్చున్నారు. ఇంజనీరు పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకుని వచ్చాడు. రిజిస్ట్రారు ఒక్కడే ధైర్యంగా బల్ల దగ్గర కూర్చున్నాడు గానీ, మధ్యమధ్య పైకి చూస్తున్నాడు.

పక్క వరసలో మాస్టారు, పిల్లలు, మా ఆవిడ. అక్క అందరికీ మంచినీళ్లు పెడుతోంది. నాతో మాట్లాడి మూడు వారాలు దాటింది. నా దగ్గరికి వచ్చినప్పుడు గ్లాసు పెట్టలేదు.

"నివేదిక ఇచ్చినవారు వచ్చారా?" అన్నాడు రిజిస్ట్రారు.

లేచాను.

"ఇది మీ సంతకమేనా?"

"నాదేనండి."

"సభ్యులకి చదివి వినిపించండి."

"చదవక్కర్లేదండి. అది అబద్ధం."

హాల్లో ఎవరో కుర్చీ జరిపారు. రిజిస్ట్రారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"అబద్ధం అప్పుడు చెప్పారా, ఇప్పుడు చెబుతున్నారా?"

"అప్పుడు నేను కొనేవాణ్ణండి. ఇప్పుడు కొనడం లేదు."

మా బజారులో కబురు ఎంత వేగంగా పాకుతుందో నాకు తెలుసు. సాయంత్రానికి ప్రతి అడితిలోనూ చెప్పుకుంటారు. పన్నెండు దూలాలు పోయాయి. వాటితో పాటు, ముప్పై ఏళ్లు నాకు అన్నం పెట్టిన ఒక్క మాట కూడా పోయింది.

"వినండి" అన్నాడు ఇంజనీరు హెల్మెట్ సర్దుకుంటూ. "ఈయన అక్కగారు ఇక్కడ ఉద్యోగి. అందుకే మాట మారుస్తున్నారు."

"మా అక్క ఇక్కడ ఉద్యోగి అన్న సంగతి సంతకం పెట్టించుకున్న రోజు కూడా మీకు తెలుసు సార్" అన్నాను. "నా మాట నమ్మొద్దు. ఈ కాగితంలో మాటా నాదే కాబట్టి దాన్నీ నమ్మొద్దు. దూలాన్ని అడగండి."

గుడ్డ విప్పి బరమా బల్ల మీద పెట్టాను.

"గట్టి చెక్కని తొలిస్తే పొర మెలికలు తిరిగి రింగులా వస్తుంది. పుచ్చినదాన్ని తొలిస్తే పిండి రాలుతుంది. ఇంతే, చదువు అక్కర్లేదు. ఏ దూలం, ఎక్కడ తొలవాలో మీరే చూపించండి."

"అబద్ధం చెప్పానని ఒప్పుకున్న మనిషి చేతికి బరమా ఇవ్వడం..." అని రిజిస్ట్రారు మొదలుపెట్టాడు.

తలుపు దగ్గరి గుంపులోంచి ఒక పెద్దావిడ లేచింది. వృక్షశాస్త్రం ప్రొఫెసరట. "ఆయన చెయ్యి ఏదైతే ఏంటండీ, రాలేది చెక్కే కదా" అంటూ మధ్యకి నడిచి వచ్చి మూడో దూలం కింద నిలబడింది. "నివేదికలో ఇదే మరీ పుచ్చిందని రాశారు. నడుమన తొలవండి. నేను ఇక్కడే ఉంటాను."

నిచ్చెన తెమ్మని నేను ఎవరికీ చెప్పలేదు. చూసేసరికి అక్క దాన్ని దూలానికి ఆనించి, అడుగున కాలు అడ్డం పెట్టి పట్టుకుని ఉంది. ఎక్కాను. సగం ఎక్కేసరికి కింద నుంచి నెమ్మదిగా అంది.

"ఆగావేంట్రా?"

"వయసక్కా."

"నాకన్నా ఆరేళ్లు చిన్నవాడివి. ఎక్కు."

బరమా మొన ఆనించి తిప్పాను. మొదట పైన పట్టిన మసి రాలింది. అది చూసి ఎవరో "పిండి" అన్నారు. నేను తిప్పుతూనే ఉన్నాను. నాలుగు చుట్లు తిరిగాక మొన అసలు చెక్కని పట్టుకుంది. భుజాలు నొప్పెట్టేంత గట్టిగా పట్టుకుంది. తర్వాత మొదటి పొర వచ్చింది. వేలెడంత పొడవు, తేనె రంగు, మెలి తిరిగిన పొర. గాల్లో తిరుగుతూ దిగి ప్రొఫెసరు జుట్టులో చిక్కుకుంది. తర్వాత ఇంకోటి, ఇంకోటి. బల్ల మీదా, రిజిస్ట్రారు ఫైలు మీదా పడ్డాయి. వందేళ్లు దాటిన చెక్కలోంచి పచ్చి నూనె వాసన వచ్చి హాలంతా వ్యాపించింది.

ప్రొఫెసరు ఒక పొర తీసి వేళ్లతో లాగి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, పక్క సభ్యుడికి అందించింది. అది చేతులు మారుతూ తలుపు దాకా వెళ్లింది. ఇంజనీరు దగ్గర ఆగిపోయింది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. కలప అడితిలో పెరిగినవాడు, చూడకుండా ఉండలేడు.

మమ్మల్ని బయటకి పంపించి గంటన్నర మాట్లాడుకున్నారు. మెట్ల మీద కూర్చున్నాం. మాస్టారు పిల్లల్ని పాడించబోతే అక్క "లోపల వాళ్లకి కోపం తెప్పించకండి, అది నేను తెప్పిస్తాను" అని ఆపింది.

రిజిస్ట్రారు వచ్చి కాగితం చదివాడు. నిర్ణయం వాయిదా. వానాకాలం వెళ్లాక బయటి నిపుణులు వచ్చి పరీక్షిస్తారు. వానల్లో పైకప్పు ఎలా ఉందో యూనివర్సిటీ ఇంజనీరు తన కళ్లతో చూసి వాళ్లకి ఒక కాగితం రాసివ్వాలి. అప్పటివరకు సభలకీ కచేరీలకీ హాలు మూసివేత. పదిమంది గానీ అంతకు మించి గానీ లోపల చేరకూడదు. వెనక గదులు వెంటనే ఖాళీ చెయ్యాలి.

"నేను ఖాళీ చెయ్యను" అంది అక్క.

"కప్పు కూలితే ఎవరిదమ్మా బాధ్యత? ఎవరైనా రాసిస్తారా?"

"పెన్ను ఇలా ఇవ్వండి" అన్నాను.

రిజిస్ట్రారు నా వైపు అదోలా చూశాడు. "మళ్లీ మీ సంతకమేనా?"

"ఈసారి సంతకం ఒక్కటే కాదండి. వానాకాలమంతా ఆ దూలం కిందే కూర్చుంటాను. పడితే నా మీదే పడుతుంది. అలా రాసుకోండి."

అలాగే రాసుకున్నారు.

*

మర్నాడే అడితిలో నా బల్ల, కుర్చీ, కొలత టేపులు, రిజిస్టర్లు రిక్షాలో వేయించుకుని హాలుకి తీసుకెళ్లాను. ముందు వరసలో నాలుగు కుర్చీలు విప్పి మూడో దూలం కింద బల్ల వేశాను. ఆసుపత్రయి, గింజల కొట్టయి, కోర్టయిన హాలు ఆ వానాకాలం కలప కొట్టు కూడా అయింది. అడితి సంగతి మా ఆవిడ చూసుకుంది. బేరాలకి వచ్చేవాళ్లని ఇటు పంపేది.

బజారు ఊరుకోలేదు. మొదటి వారం ఒకతను తన ఇంటి కలప అమ్మడానికి వచ్చాడు. వెళ్లి చూశాను. అలవాటుకొద్దీ "లోపలంతా..." అన్నానో లేదో, అతను నవ్వుతూ బరమా నా చేతిలో పెట్టాడు. "మీరు పుచ్చిందన్నారంటే గట్టిదన్నమాటే కదండీ, తొలవండి." తొలిచాను. గట్టిదే. అతనడిగిన ధరకే కొన్నాను. ఆ వానాకాలం ప్రతి బేరంలోనూ అంతే. ఎంత నష్టపోయానో నాకు తెలుసు, ఇక్కడ రాయను. బేరం ఎక్కువసేపు పట్టకపోవడం వల్ల మధ్యాహ్నాలు ఖాళీగా ఉండేవి.

ఆ ఖాళీలో మాస్టారు వచ్చేవారు. పదిమంది కూడదన్నారు కాబట్టి తొమ్మిదేసి మందిని తెచ్చేవారు. నన్నూ అక్కనీ తనని కలిపితే లెక్క మించుతోందని రిజిస్ట్రారు మనిషి వచ్చి పట్టుకున్నాడు. మర్నాటి నుంచి ఆరుగురేసి వచ్చారు. వంతులు వేసుకుని ఎవరి భాగం వాళ్లు పాడి వెళ్లేవారు. మొత్తం పాట ఎలా ఉంటుందో వాళ్లకి తెలీదు. వంతులన్నీ వింటూ కూర్చున్నది నేనూ అక్కా కాబట్టి మాకు తెలుసు.

అక్క మాత్రం నన్ను తమ్ముడిలా కాక అద్దెకొచ్చినవాడిలా చూసింది. "నీ బేరగాళ్లని కాళ్లు తుడుచుకుని రమ్మను. ఇది అడితి కాదు." "ఆ టేపు కుర్చీల మీద పడెయ్యకు." ఆదివారాలు మా ఇంటికి రావడం మళ్లీ మొదలుపెట్టింది. వచ్చి, తిని, నా బల్ల దగ్గర ఎంత చెత్త పడుతోందో మా ఆవిడకి చెప్పి వెళ్లేది.

వానలు పట్టుకున్నాయి. మూడో వారంలో ఒక మధ్యాహ్నం గాలివాన మొదలైంది. కిటికీలు కొట్టుకుంటున్నాయి. ప్రాంగణంలో చెట్టు కొమ్మ ఒకటి విరిగి పడింది. పైకి చూశాను. దూలం తన పాటికి తను ఉంది. నేను చేసిన కన్నానికి అక్క మైనం పెట్టించింది, ఆ మచ్చ ఒక్కటే తేడా.

తలుపు దగ్గర ఎవరో గొడుగు దులిపారు. ఇంజనీరు. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. ఆ రోజు హెల్మెట్ లేదు. బహుశా గాలికి నిలవలేదేమో. గడప బయటే నిలబడి మెడ చాచి కప్పు చూస్తున్నాడు.

"ఇక్కణ్ణుంచి సరిగా కనపడదు సార్" అన్నాను. "లోపలికి రండి."

"పర్లేదు. చూసి రాయాలి, అంతే."

"ఏం రాస్తారు?"

"చూసింది రాస్తాను."

"అయితే చూడండి" అని నా పక్కన ఇంకో కుర్చీ వేశాను.

కాసేపు నిలబడ్డాడు. జల్లు వీపు మీద కొడుతుంటే లోపలికి వచ్చాడు. వరసల మధ్య నుంచి నడుస్తూ, ఒక్కో దూలం కిందకి వచ్చినప్పుడు అడుగు వేగం పెంచుతూ, బల్ల దాకా వచ్చాడు.

"మూడోది ఇదేనా?"

"ఇదే."

కుర్చీని రెండు గజాలు పక్కకి లాక్కుని అక్కడ కూర్చున్నాడు. వాన పెద్దదైంది. కప్పు మీద పడుతున్న నీళ్ల మోతలో గట్టిగా అంటే తప్ప మాట వినపడదు.

అక్క గదిలోంచి మూడు గ్లాసుల టీ తెచ్చింది. ఒకటి నా ముందు పెట్టింది. ఒకటి తను తీసుకుంది. మూడోదాన్ని ఇంజనీరు చెయ్యి చాస్తున్నా అందించకుండా, బల్ల మీద, సరిగ్గా దూలం నడిమి కింద పెట్టి, వెళ్లి వేదిక మెట్టు మీద కూర్చుని తన టీ తాగడం మొదలుపెట్టింది.

ఇంజనీరు అక్క వైపు చూశాడు. పైకి చూశాడు. తడిసిన చేతులు రెండూ ఒకదానికొకటి రుద్దుకున్నాడు. గ్లాసు మీద ఆవిరి పల్చబడుతోంది.

"చల్లారిపోతుంది" అంది అక్క.

ఆయన లేచి, కుర్చీని చేత్తో పట్టుకుని, రాతి నేల మీద ఈడ్చుకుంటూ దూలం కిందకి తెచ్చుకున్నాడు.